పెట్టె మోసినవానికి ఎంత ఇవ్వాలి?

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వమని మన సంఘం కార్యదర్శిగారు రెండు నెలలుగా అడుగుతున్నారు. డి.ఎ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు గురించి వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నాకు అంత పరిజ్ఞానం లేదు. ఉద్యోగంలో చేరినప్పటినుండి పదవీ విరమణ వరకు గుమాస్తాగానే ఉండి, ఇతరులు వ్రాసినదానికి శుద్ధప్రతి తీయడమే నా పని. అయితే క్రిందటి సంవత్సరం అమెరికా వెళ్ళివచ్చిన తరువాత మన మిత్రులు నలుగురైదుగురు నన్ను అడిగిన ప్రశ్న ఒకటే. "ఓడ ఎక్కారట కదా, అక్కడ సామాను మోసేవాళ్ళకు ఎంత ఇవ్వాలండీ?" అని. ఓడలో ఏమి చూశారని గాని, సముద్రం ఎలా ఉందని గాని ఎవరూ అడగలేదు. పింఛనుదారులం కనుక ముందు ఖర్చు సంగతే తోస్తుంది మనకు.

ఆ ప్రశ్నకు రెండు ముక్కలలో జవాబు చెప్పవచ్చు, చివర చెబుతాను కూడా. కాని ఆలోచించిన కొద్దీ ఈ ప్రశ్న వెనుక పెద్ద చరిత్రే ఉన్నదని, అందులో మన కాలువలకు, రైళ్ళకు, మన తెలుగువాళ్ళు ఎక్కిన ఓడలకు కూడా చోటు ఉన్నదని తోచింది. అందుకని నాకు తెలిసినంతలో వ్రాస్తున్నాను.

ముందుగా మాట సంగతి. "కూలి" అనేది మన మాట. తమిళులకూ ఉన్నది. మన వాడుకలో కూలి అంటే మొదట మనిషి కాదు, చేసిన పనికి ఇచ్చే డబ్బు. "కూలి ఇచ్చావా?" అంటాము. ఆ డబ్బు పుచ్చుకునేవాడు కూలివాడు. ఇంగ్లీషువారు ఆ మాట ఎత్తుకుపోయి మనిషికే పేరు పెట్టి, ప్రపంచమంతా త్రిప్పి, చివరకు ఒక తిట్టుగా చేసి మనకు తిరిగి పంపారు. గుజరాతు దిక్కున ఉన్న కోలీలనే జాతి పేరునుండి ఈ మాట వచ్చిందనే పండితులు కూడా ఉన్నారు. ఏది నిజమైనా మన చెవికి మాత్రం కూలి అంటే హక్కుగా రావలసిన డబ్బు. బక్షీసు, ఈనాము అనేవి పైనుండి దిగివచ్చిన మాటలు. అవి పారశీకం, అరబ్బీల నుండి నవాబుల కచేరీల ద్వారా వచ్చినవి. ఇచ్చేవాని దయ మీద ఆధారపడినవి. ఇక "మామూలు" అనే మాట గురించి మన సంఘ సభ్యులకు నేను చెప్పనక్కరలేదు. ఈ మూడు మాటల మధ్య తేడా తెలిస్తే ఈ వ్యాసంలో సగం తెలిసినట్లే.

మన గోదావరి పశ్చిమ డెల్టాలో సామాను మోత అంటే మొదట పడవలే. కాటన్ దొరగారు ధవళేశ్వరం ఆనకట్టను 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేశారు. ఆ కాలువలు సేద్యానికి మాత్రమే త్రవ్వినవి కావు, ప్రయాణానికి కూడా. అందుకే లాకులు కట్టారు. విజ్జేశ్వరం దగ్గర పడవ ఎక్కినవాడు ఏలూరు చేరి, అక్కడ గోదావరి కాలువనుండి కృష్ణా కాలువలోకి మారి, బెజవాడ మీదుగా బకింగ్‌హామ్ కాలువలో పడి మద్రాసు దాకా నీళ్ళమీదనే పోగలిగేవాడు. మా ఉండి కాలువ గట్టున పుట్టినవారికి పడవ అంటే ఇప్పటి ఆర్.టి.సి. బస్సు వంటిది. గాలి ఉంటే తెరచాప, లేకుంటే ఇద్దరు మనుషులు గట్టు వెంట నడుస్తూ తాడు పట్టి లాగడం. రాత్రి భోజనం చేసి పడవ ఎక్కితే తెల్లవారేసరికి గమ్యం.

నేను పుట్టినది 1949లో. నా ఏడో ఏటనో ఎనిమిదో ఏటనో మా తాతగారితో రాత్రి పడవలో గూడెం వెళ్ళి అక్కడ రైలెక్కడం నాకు బాగా జ్ఞాపకం. మాతో ఒక ట్రంకు పెట్టె, పరుపు చుట్ట, బియ్యం బస్తా, మరచెంబు. రేవులో పడవనుండి ఒడ్డుకు ఒక బల్ల వేసి ఉండేది. ఆ బల్ల మీదుగా బస్తా మోసుకుపోయే మనిషి తలమీద చుట్టకుదురు, మెడ కదలకుండా, కాళ్ళు మాత్రం కదులుతూ ఉంటే నేను నోరు తెరుచుకుని చూశాను. మా తాతగారు బేడ ఇచ్చారు. అతడు కళ్ళకద్దుకుని మొలలో దోపుకున్నాడు. తాతగారు అంతటితో ఆగక సంచిలోనుండి రెండు అరటిపండ్లు తీసి ఇచ్చారు. "డబ్బు పనికి, పండు మనిషికి" అని ఆయన అన్నట్లు వ్రాస్తే బాగుండును గాని ఆయన ఏమీ అనలేదు. పండ్లు మగ్గిపోయి ఉన్నవి, అంతే కావచ్చును.

కొల్లేటిలో సంగతి మరొక రకం. ఫాల్గుణమాసంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు వెళ్ళేవారు తాటిదోనెలు ఎక్కేవారు. దోనెవానికి మనిషికి ఇంత అని ఉండేది గాని, మొక్కుబడి కోళ్ళకు, పొంగలి సామానుకు వేరే లెక్క లేదు. తిరుగు ప్రయాణంలో ప్రసాదంలో భాగం పెట్టడమే ఆనవాయితీ. ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు మళ్ళీ ఏడు ముఖాలు చూసుకోవలసినవాళ్ళు కనుక పేచీకి తావు తక్కువ. పేచీలన్నీ ముఖం తెలియని చోటనే పుడతాయి. అంటే రేవుపట్నాలలో, స్టేషన్లలో.

రేవుపట్నాల పేచీలలో పాత ప్రసిద్ధి మసూలా పడవలది. బందరు, మద్రాసు వంటి చోట్ల ఓడలు ఒడ్డుకు వచ్చేవి కావు. దూరంగా లంగరు వేసుకునేవి. మేకులు లేకుండా కొబ్బరిపీచు త్రాళ్ళతో పలకలు కుట్టిన మసూలా పడవలే కెరటాలను తట్టుకుని దొరలను, వారి పెట్టెలను ఒడ్డుకు చేర్చేవి. సర్కారు రేట్లు నిర్ణయించి ఉంచింది. అయినా పెద్ద కెరటం ముందు పడవ ఊగుతుండగా పడవవాళ్ళు తెడ్లు ఆపి బక్షీసు అడిగేవారని ఆనాటి దొరల వ్రాతలలో ఫిర్యాదులు తరచు కనబడతాయి. చదివినవారికి పడవవాళ్ళ మీద కోపం వస్తుంది. నాకు మాత్రం, ఆ కెరటాలమీద ప్రాణం పణంగా పెట్టే మనిషికి రేటు ఎవరు నిర్ణయించారు, అతనిని అడిగి నిర్ణయించారా అని సందేహం. మద్రాసులో కృత్రిమ రేవు కట్టిన తరువాత వారి పని, వారి పేచీ కూడా పోయినవి.

రైలు వచ్చింది. బెజవాడనుండి తూర్పుగా వెళ్ళే లైను 1893లో తెరిచారు. ఏలూరు, తాడేపల్లిగూడెం దాని మీదనే ఉన్నవి. కాని గోదావరి మీద వంతెన 1900 దాకా లేదు. ఆ ఏడేళ్ళు ప్రయాణికులు కొవ్వూరులో దిగి, సామానంతా రేవులోకి దింపించి, నది దాటి, రాజమండ్రిలో మళ్ళీ ఎక్కించుకోవలసి వచ్చేది. ఒక ప్రయాణానికి ఎన్ని మోతలో లెక్క వేయండి. పుష్కరాలవేళ, పండుగలవేళ ఎలా ఉండేదో ఊహించుకోవలసినదే. వంతెన పడగానే రైలు ఆగకుండా సాగిపోయింది. ప్రయాణికులకు సుఖం, రేవు కూలీలకు పని పోయింది. ఆ హేవలాక్ వంతెన 1997 వరకు రైళ్ళను మోసి తానూ విశ్రాంతి తీసుకున్నది.

మా ఉండి గుండా పోయే గుడివాడ–భీమవరం లైను 1928లో వచ్చినది. అది మొదట మీటరు గేజి, మేము చిన్న రైలు అనేవాళ్ళం. చిన్న రైలులో వచ్చి పెద్ద రైలు ఎక్కవలసినవారు జంక్షనులో దిగి పెట్టే బేడా మార్చుకోవలసిందే. ఒక పట్టాకు, మరొక పట్టాకు మధ్య దూరంలో ఉన్న తేడాయే కొన్ని కుటుంబాలకు అన్నం పెట్టిందంటే ఆశ్చర్యమే గాని నిజం. గేజి మార్చినప్పుడు మేమందరం సంతోషించాము. ఆ మోతపనివాళ్ళు ఏమయ్యారని మాలో ఒక్కడైనా అడిగినట్లు నాకు జ్ఞాపకం లేదు.

స్టేషను కూలీ అంటే మనకు ఎర్ర చొక్కా, దండకు ఇత్తడి బిళ్ళ. ఆ బిళ్ళమీద నెంబరు. చాలామంది అనుకున్నట్లు ఆయన రైల్వే ఉద్యోగి కాడు. రైల్వే ఆయనకు లైసెన్సు ఇస్తుంది, జీతం ఇవ్వదు. నలభై కిలోల బరువుకు ఇంత అని డివిజను వారు రేటు నిర్ణయించి బోర్డు కట్టిస్తారు. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు. బిళ్ళ మాత్రం పెద్దవాడైపోతే కొడుక్కో దగ్గరివాడికో బదిలీ చేయించుకునే ఏర్పాటు ఉంది. 2008లో రైల్వే మంత్రిగా ఉన్న లాలూ ప్రసాద్ గారు బడ్జెటులో లైసెన్సు పోర్టర్లను గ్యాంగుమన్ ఉద్యోగాలలోకి తీసుకుంటామని ప్రకటించారు. వేలమంది అలా చేరారు. మూడు పదులు దాటి నాలుగు పదులలో పడినవాడు మొదటిసారి జీతపు పట్టీలో సంతకం పెట్టడం ఎటువంటిదో మనకు తెలుసు. 2016లో సురేశ్ ప్రభు గారు కూలీ అనే పేరు తీసి "సహాయక్" అన్నారు. పేరు మంచిదే. సినిమాలవాళ్ళు మాత్రం పాత పేరునే పెంచారు. 1983లో హిందీలో అమితాబ్, 1991లో మన వెంకటేష్ "కూలీ నెం. 1". హాలులో ఈలలు వేసినవాళ్ళే బయటకు వచ్చి స్టేషనులో అర్ధరూపాయికి బేరమాడేవారు. నేనూ అందులోవాడినే.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. 1976లో నాకు బదిలీ అయినది. ఊరు పేరు అక్కరలేదు. రాత్రి పదిగంటలకు చిన్న స్టేషనులో దిగాము. మా ఆవిడ, చంకలో ఏడాది పిల్ల, రెండు ట్రంకు పెట్టెలు, హోల్డాలు, ఆవకాయ జాడీ, గోనెసంచిలో వంట సామాను, నా చేతిసంచి. ఒక ముసలి కూలీ వచ్చి రెండుసార్లుగా అన్నీ బండి దగ్గరకు చేర్చాడు. బేరం రెండు రూపాయలు. చివర ఆయన "అయ్యా, జాడీ విడిగా మోశాను, రెండో త్రోవ పడింది, ఇంకో అర్ధరూపాయి ఇప్పించండి" అన్నాడు. అడిగినది న్యాయమే. కాని నేను అప్పటికి కొత్తగా నేర్చిన గుమాస్తాను. గోడమీది బోర్డు చూపించి, "రేటు ప్రకారం రెండే ఎక్కువ" అని రూల్సు మాట్లాడాను. ఆయన మారు మాట్లాడక వెళ్ళిపోయాడు. రూల్సు తెలిసినందుకు నాకు గర్వంగా కూడా ఉండెను.

ఇంటికి చేరిన తరువాత చూసుకుంటే చేతిసంచి లేదు. అందులో ఏమున్నది? పాత ఆఫీసులో చేతికి తీసుకుని వచ్చిన నా ఎల్.పి.సి. ఉన్నది. అది లేకపోతే కొత్త ఆఫీసులో జీతం బిల్లు పడదని ఈ సంచిక చదివేవారందరికీ తెలుసు. డూప్లికేటు తెప్పించుకోవాలంటే రెండు మూడు నెలలు. రాత్రంతా నిద్ర లేదు. మర్నాడు పదిన్నరకు ఆఫీసులో తలవంచుకుని కూర్చుని ఉంటే వాకిట్లో ఆ ముసలాయన, చేతిలో నా సంచి. చదువు రాదు. బండివాణ్ణి అడిగి, బండివాడు నన్ను దింపిన వీధిలో అడిగి, ఆఫీసుకు వచ్చాడట. మూడు మైళ్ళ నడక. నేను లేచి వెళ్ళి అయిదు రూపాయలు చేతిలో పెట్టబోయాను. "సంచి తెచ్చినందుకు వద్దు బాబూ. రాత్రి జాడీకి రావలసింది ఇప్పించండి" అన్నాడు. నా దగ్గర చిల్లర లేదు. పక్క సీటులోనివారి దగ్గర అర్ధరూపాయి అప్పు తీసుకుని ఇచ్చాను. ఆయన పుచ్చుకుని వెళ్ళిపోయాడు. ఆఫీసులో అందరూ చూస్తూనే ఉన్నారు.

ఆయన ఆ రోజు నాకు నేర్పినది కూలికి, బక్షీసుకు గల తేడా. నేను ఇవ్వబోయిన అయిదు రూపాయలు నా సంతోషం. ఆయన అడిగిన అర్ధరూపాయి నా బాకీ. బాకీ ఎగవేసి సంతోషం పంచడం సులభం. మనలో చాలామందిమి చేసే పని అదే.

మనవాళ్ళు ఓడ ఎక్కిన కథ కూడా కొంచెం చెప్పుకోవాలి. ఎందుకంటే ఓడ అనగానే ఈ తరానికి విహారం గుర్తుకు వస్తుంది. మన ముందు తరాలకు రంగం. కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ రేవులనుండి బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడలలో డెక్కుమీద చాప పరుచుకుని వేలాదిమంది తెలుగువారు బర్మా వెళ్ళారు. కాకినాడలో ఓడ ఒడ్డుకు రాదు, నావలలో పోయి ఎక్కాలి. అక్కడివారు మనవాళ్ళను "కొరంగీలు" అనేవారు, కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరున. రంగూను రేవులో ఓడలు ఎక్కించి దించే మోతపనిలో ఎక్కువమంది తెలుగువారే. ప్రపంచమంతటి సామాను వారి తలలమీదుగా పోయింది. వారికి బక్షీసు ఇచ్చేవారు ఎవరూ లేరు. కూలి కూడా నేరుగా రాదు. మధ్యన మేస్త్రీ ఉండి, ప్రయాణానికి ఇచ్చిన బయానా వసూలు చేసుకుని, తన వాటా పట్టుకుని, మిగిలినది ఇచ్చేవాడు.

1930 మే నెలలో ఆ కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల పని చేయించే కంపెనీలు బర్మావాళ్ళను పనిలోకి తెచ్చుకున్నవి. కొద్దిరోజులలో మనవాళ్ళతో రాజీ కుదిరి, మే 26న తెలుగువారు తిరిగి పనికి రాగా, బర్మావాళ్ళను ఉన్నట్లుండి పొమ్మన్నారు. అక్కడ మాటా మాటా పెరిగి పోట్లాట, పోట్లాట ఊరంతా పాకి కొన్నాళ్ళపాటు చంపుకోవడం. వందమందికి పైగా పోయారు. పోయినవారిలో ఎక్కువమంది మన రేవు కూలీలు. ఇద్దరు పేదవాళ్ళ మధ్య కొద్దిపాటి కూలి పెట్టి చూస్తూ నిలబడిన వారికి ఏమీ కాలేదు. తరువాత 1941 డిసెంబరులో జపాను బాంబులు పడినప్పుడు మిగిలినవారు అడవులు, కొండలు పట్టి నడిచి వచ్చారు. మోయడానికి ఏమీ లేకుండా వచ్చారు.

అమెరికాలో ఈ టిప్పు సంగతి చూస్తే అదొక కథ. పుల్‌మన్ అనే ఆయన 1867లో పడక రైలుపెట్టెల కంపెనీ పెట్టి, బానిసత్వం రద్దయి బయటపడిన నల్లవారిని పోర్టర్లుగా తీసుకున్నాడు. జీతం బహుతక్కువ, మిగిలినది ప్రయాణికుల టిప్పులతో చూసుకొమ్మన్నాడు. ఎవరి పేరు వారికి ఉన్నా అందరినీ "జార్జ్" అనే పిలిచేవారట, యజమాని పేరు అది గనుక. వాళ్ళు 1925లో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ గారి నాయకత్వాన సంఘం పెట్టుకుని పన్నెండేళ్ళు పోరాడి 1937లో కంపెనీతో ఒప్పందం సాధించారు. ఉద్యోగ సంఘంలో ఉన్న మనం తెలుసుకోదగిన చరిత్ర. అసలు టిప్పు ఇవ్వడమే నేరమని 1909లో వాషింగ్టన్ రాష్ట్రంలో చట్టం చేశారు, మరికొన్ని రాష్ట్రాలు కూడా చేసినవి. ఎవరూ లక్ష్యపెట్టలేదు. 1926 నాటికి అన్ని చట్టాలూ పోయినవి, టిప్పు నిలబడింది. జపానులో మాత్రం టిప్పు ఇస్తే తప్పుగా చూస్తారట. జీతం తీసుకుని చేసే పనికి మళ్ళీ ఈ డబ్బు ఏమిటని వారి ఉద్దేశం.

చక్రాల పెట్టె వచ్చిన తరువాత మోత కథ మలుపు తిరిగింది. శాడో అనే అమెరికా పెద్దమనిషికి 1970లో ఆ ఊహ తట్టి 1972లో పేటెంటు వచ్చింది. నిలబెట్టి లాగే పెట్టెను 1987లో ప్లాత్ అనే విమాన చోదకుడు చేశాడు. చంద్రునిమీదకు మనిషి 1969లో వెళ్ళగా, పెట్టెకు చక్రం కట్టాలనే ఊహ ఆ తరువాత వచ్చిందంటే కారణం నాకు ఒకటే తోస్తుంది. మోసేవాడు ఉన్నంతకాలం మోయించేవానికి ఆ అవసరం తోచదు.

ఇక మిత్రులు అడిగిన ప్రశ్న. మా అబ్బాయి, కోడలు మమ్మల్ని ఫ్లారిడాలో ఓడ ఎక్కించారు. కంపెనీ పేరు అవసరం లేదు, అన్నిటిలో పద్ధతి ఇంచుమించు ఇదేనట. ఇంటిదగ్గరే కాగితపు చీటీలమీద మన పేరు, గది నెంబరు వేసి పెట్టెలకు కట్టాలి. రేవులో కారు దిగగానే తోపుడు బండితో మనిషి వచ్చి పెట్టెలు తీసుకుపోతాడు. రసీదు ఉండదు. నాకు గుండె ఆగినంత పని అయింది. పాస్‌పోర్టులు, మందులు పెట్టెలో పెట్టరాదు, చేతిసంచిలో ఉంచుకోవాలి. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. పెట్టెలు సాయంత్రానికి మన గది తలుపు దగ్గరకు వస్తాయి. చాలా రేవులలో ఆ మోతపనివారు సంఘం ఉన్నవారు, గంటకు ఇంత అని జీతం ఉన్నది. అయినా పెట్టెకు ఒక డాలరో రెండు డాలర్లో ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. నాలుగు పెట్టెలకు అయిదు డాలర్లు ఇచ్చాను. మనసులో నాలుగువందల రూపాయలని లెక్క వేసుకోకుండా ఉండలేకపోయాను. ఈ లెక్క అక్కడ వేయకూడదు. వేస్తే కాఫీ కూడా త్రాగలేము.

ఓడలో గది శుభ్రం చేసేవారికి, భోజనం పెట్టేవారికి విడిగా ఇవ్వనక్కరలేదు. మనిషికి రోజుకు ఇంత అని ఖాతాలో వాళ్ళే వేస్తారు. మాకు పదహారు డాలర్ల పైచిలుకు పడింది. అది మన అబ్బాయిల బిల్లులో పోతుంది గనుక మనకు తెలియదు. అక్కరలేదనుకుంటే కౌంటరులో చెప్పి తీయించుకోవచ్చునట. మా ముందు వరుసలో ఒక పెద్దమనిషి, మన భాషలోనే మాట్లాడుతూ, తీయించుకోవడం చూశాను. నేను ఆయనను పలకరించలేదు. మా గది చూసేవాడు ఇండొనేషియా కుర్రవాడు. ఏడెనిమిది నెలలు వరుసగా ఓడమీదే పని, ఇంటిదగ్గర చిన్న పిల్ల ఉన్నదట. చివరి రాత్రి పెట్టెలు రంగు చీటీలు కట్టి తలుపు బయట పెడితే వాళ్ళే దింపుతారు. ఆ రాత్రి కవరులో పది డాలర్లు పెట్టి అతని చేతికే ఇచ్చాను. కూలి కంపెనీ వేసిన లెక్కలో ఉన్నది. ఇది బక్షీసు. జాడీ బాకీ కాదు.

విమానాశ్రయం సంగతి ఓడకన్నా ముఖ్యం. ఎందుకంటే ఓడ ఎక్కేది పదిమందిలో ఒకరు, చక్రాల కుర్చీ ఎక్కేది తొమ్మిదిమంది. భాష రాదని, గేటు దొరకదని మన పిల్లలు మనకు చక్రాల కుర్చీ వ్రాయిస్తారు. ఆ సేవ ఉచితమే, ఎవరూ రుసుము అడగరాదు. కాని అమెరికాలో అది త్రోసేవారి జీతం తక్కువ, టిప్పు వస్తుందని ఆశ ఉంటుంది. నన్ను త్రోసినది నా వయస్సుకు పదేళ్ళు తక్కువ ఉన్న ఒక ఆవిడ. నడవగలిగిన నేను కూర్చుని ఉండగా ఆవిడ అరగంట త్రోసింది. అయిదు డాలర్లు ఇవ్వడానికి నాకు సిగ్గు వేయలేదు, కూర్చున్నందుకు వేసింది. జేబులో చిన్న నోట్లు లేకపోతే ఇవ్వాలని ఉన్నా ఇవ్వలేము. ఇరవై డాలర్ల నోటు ఇచ్చి చిల్లర అడగడం ఎక్కడా మర్యాద కాదు.

మన విశాఖకు కూడా 2022లో విహారపు ఓడ వచ్చింది, మరుసటి ఏడు ప్రయాణికుల టెర్మినల్ కూడా ప్రారంభించారు. అదే ఏడు, 2022లో, జిల్లాలు విడిపోయి మా ఉండి భీమవరం కేంద్రం క్రింద, ఏలూరు వేరే జిల్లాగా అయినవి. మన సంఘం మాత్రం పాత జిల్లాగానే ఉన్నది, అదొక సంతోషం.

ఈ వేసవికి మన సభ్యులలో ముగ్గురు అమెరికా ప్రయాణమని విన్నాను. నా దగ్గర ఒక డాలరు నోట్లు పదకొండు మిగిలి ఉన్నవి. నెలమొదటి ఆదివారం సంఘం ఆఫీసుకు తెస్తాను. కావలసినవారు తీసుకోవచ్చును. రూపాయలు ఇవ్వనక్కరలేదు, వచ్చేటప్పుడు అన్నే చిన్న నోట్లు తెచ్చి కార్యదర్శిగారి వద్ద ఉంచితే తరువాత వెళ్ళేవారికి పనికివస్తాయి.